‘ఏం లేదు’ అనకూడని షెడ్డు

నిన్న మధ్యాహ్నం రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరు కింద, నేలమాళిగ పార్కింగులో, ఎవరిదో కారు మలుపు తిప్పుతుంటే నా అరచేతికి స్టీరింగులో ఆ బిగువు తగిలింది. బావిలోంచి చేద లాగుతున్నప్పుడు గిలక ఒక్క క్షణం పట్టేసి వదిలినట్టు, అంతే. డాష్‌బోర్డు మీద దీపమేదీ వెలగలేదు. మళ్ళీ తిప్పితే స్టీరింగు హాయిగా తిరిగింది. తడి టైర్లతో లోపలికొచ్చిన బళ్ళ వల్ల అక్కడంతా పచ్చి సిమెంటు వాసన. కారు గల అబ్బాయి మెడలోని ఆఫీసు కార్డు నలుపుకుంటూ పక్కన నిలబడి ఉన్నాడు. ఇప్పటికే రెండు చోట్ల చూపించాడట. స్కానర్‌లో ఏమీ రాలేదన్నారట. ఇంట్లోవాళ్ళు కూడా ఇదంతా నీ భ్రమ అంటున్నారట. తనకూ ఇప్పుడు అదే అనిపిస్తోందని చెప్పి నవ్వబోయాడు. నాకు మాత్రం ఎప్పటిలాగే భయం వేసింది. ఇన్నేళ్ళుగా కార్ల కరెంటు జబ్బులు పట్టే పనిలోనే ఉన్నా ఆ భయం పోలేదు. అది పోనక్కరలేదని నాకు చెప్పిన మొదటి మనిషి ఓబులేసు సార్.

చందానగర్‌లో ముంబై రోడ్డు వదిలి లోపలికి తిరిగితే, మార్బుల్ దుకాణాల వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దానికి యజమాని ఆయన. అనంతపురం వైపు మనిషి. ఒక పెద్ద వాహనాల కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజినీరుగా చాలాకాలం చేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి షెడ్డు పెట్టుకున్నారు. ఎందుకు పడలేదో ఆయనతో ఒక పూట గడిపితే ఎవరికైనా తెలిసిపోయేది. నోరు అంత దురుసు. మేమంతా గ్రీజు మరకలతో తిరుగుతుంటే ఆయన మాత్రం ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో ఉండేవారు. మీసానికి రంగు వేసుకునేవారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు నుంచి, ఇంకెక్కడా తేలని కార్లు తిరిగి తిరిగి చివరికి ఆయన దగ్గరికి చేరేవి. వాటిలో ఎక్కువ పవర్ స్టీరింగువే.

ఇప్పటి చిన్న కార్లలో స్టీరింగుకి నూనె ఉండదు. మన చేతికి సాయంగా ఒక మోటారు ఉంటుంది. రోడ్డు మీద తిన్నగా పోతున్నంతసేపూ దానికి పెద్ద పని లేదు. నెమ్మదిగా, ఇరుకుగా మలుపు తిప్పేటప్పుడు మాత్రం ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో కరెంటు సరిగా అందకపోతే మోటారు చేతులెత్తేస్తుంది, బండి బరువంతా మన భుజాల మీద పడుతుంది. తర్వాత క్షణంలో మళ్ళీ బాగైపోతుంది. ఈ జబ్బుతో వచ్చిన చిక్కు ఇదే. షెడ్డులో నిలబెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అందుకే ఆయన కరెంటు కొలిచే మీటరు పట్టిన ప్రతివాళ్ళకీ ఒకటే పాఠం చెప్పేవారు. ఊరికే కూర్చున్న మనిషిని చూసి ఆరోగ్యంగా ఉన్నాడనొద్దు, మూట ఎత్తించి చూడు అని. బండికి బరువు పెట్టి, అంటే ఏసీ వేసి, లైట్లు వేసి, స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ, అప్పుడు మీటరు చూడమనేవారు.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఉద్యోగం అడగడానికి వెళ్ళిన రోజు ఆయన చదువు గురించి ఒక్క మాట అడగలేదు. ఇంటికి తాళం వేశాక మళ్ళీ లాగి చూస్తానా అని అడిగారు. నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే మా ఇంట్లో నేను అందుకే పేరుపడ్డాను. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. ‘ఇగ చాలు బిడ్డా, సిలిండర్ యాడికి పోతది’ అని మా అమ్మ రోజూ నవ్వేది. బంధువులు పిరికిదాన్నని అనేవాళ్ళు, చిన్నప్పటి నుంచీ. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ నోరు రాలేదు. లాగి చూస్తానని, ఒక్కోసారి మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి కూడా చూస్తానని ఒప్పుకున్నాను. ఆయన మీసం సవరించుకుని, "రేపు పొద్దున రా మా" అన్నారు.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. బండి చూశాక ‘ఏం లేదు’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. ‘నాకు కనబడలేదు’ అనాలి. రెండింటికీ తేడా ఏముందని మా యాదగిరన్న ఒకసారి గొణిగాడు. యాదగిరన్న నాకంటే ముందు నుంచీ అక్కడున్న మెకానిక్, చేతిలో పనితనం ఉన్నవాడు. ‘ఏం లేదు’ అంటే తప్పు బండివాళ్ళ మీదికి పోతుందని, ‘కనబడలేదు’ అంటే మన దగ్గరే ఉంటుందని సార్ జవాబు. రెండో కట్టుబాటు ఏమిటంటే, స్టీరింగు పని ఎవరు చేస్తే వాళ్ళే ముందు నడపాలి, ఆయన ఎడమ పక్క సీటులో కూర్చుంటారు. కూర్చుని, బెల్టు పెట్టుకుని, ‘పోనీ మా’ అంటేనే బండి కదలాలి. ఆ మాట కోసం ఆయన వైపు చూడటం మాకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది.

నాకు భయం ఉందని ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఒక కారు పని అయిపోయాక కూడా దాని చుట్టూ తిరుగుతుంటే ఏమిటని అడిగారు. ఏమో సార్, భయమైతుంది అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన చాలా మామూలుగా, "ఏ వైరు మీద?" అన్నారు. నేను తెల్లబోయాను. అప్పటిదాకా నా భయం గురించి నన్నెవరూ అలా అడగలేదు. భయపడకు అన్నారు, నవ్వారు, విసుక్కున్నారు. ఏ వైరు మీద అని అడగలేదు. ఆలోచిస్తే నిజంగానే ఒక కనెక్టర్ సరిగా కూర్చోలేదేమోనన్న అనుమానం నా లోపల ఉంది. విప్పి చూస్తే బాగానే ఉంది. బాగానే ఉందని తెలిశాక ఆ రాత్రి నిద్రపట్టింది. అప్పటినుంచి భయం వేసినప్పుడల్లా దానికి ఒక చోటు వెతకడం నేర్చుకున్నాను.

స్టెల్లా గారి కారు వచ్చింది నేను చేరిన రెండో ఏడాది వానాకాలంలో. ఆవిడది గుంటూరు వైపు. గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. కాపురం నిజాంపేటలో. రోజూ పొద్దున ఇద్దరు పిల్లల్ని స్కూలు దగ్గర దింపి డ్యూటీకి వెళ్ళేవారు. మధ్యమధ్య స్టీరింగు రాయిలా అయిపోతోందని ఆవిడ ఫిర్యాదు. దీపం వెలిగి ఆరిపోతుంది. సర్వీసు సెంటరులో చూసి, స్కానర్‌లో వచ్చిన లోపాల కోడ్‌లు తుడిచేసి, ఏం లేదని పంపేశారు. ఇంకో చోట చేతిలో బలం లేదేమో, విటమిన్లు వేసుకోమన్నారట. భర్త కూడా నాలుగు రోజులు నడిపి చూసి, ఆయనకు ఏమీ కాకపోవడంతో, కొన్నాళ్ళు నువ్వు బండి మానేయమన్నారు. ఆవిడ ఇదంతా గొంతు పెంచకుండానే చెప్పారు గానీ, హ్యాండ్‌బ్యాగు పట్టీ మెలితిప్పుతూనే ఉన్నారు.

"నేను అబద్ధం చెప్పట్లేదండీ" అన్నారు చివరికి. "వెనక సీట్లో పిల్లలుంటారు. రోజూ తాళం తిప్పుతుంటే కాళ్ళు చల్లబడిపోతున్నాయండీ."

సార్ ఆవిడకు కుర్చీ వేయించి, కారు ఇక్కడే ఉంచమన్నారు. జబ్బు మాకు కనబడేదాకా బండి ఇవ్వనని కూడా చెప్పారు. ఆవిడ మొదట ఊరట పడ్డారు. వారం తిరిగేసరికి ఆ ఊరట కాస్తా కోపంగా మారింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. వానలో పిల్లలతో ఆటో కోసం నిలబడి, డ్యూటీకి ఆలస్యమై, అక్కడ మాటలు పడి వస్తున్నారు. మా దగ్గర చూస్తే కారు పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. స్కానర్ పెట్టాం, బ్యాటరీ చూశాం, మోటారుకి వెళ్ళే వైర్లు ఒక్కొక్కటీ కదిపి చూశాం. ఏసీ వేసి, లైట్లు వేసి, స్టీరింగు అటూ ఇటూ తిప్పాం. చందానగర్ సందుల్లో నడిపాం. ఎక్కడా తేడా లేదు. ఒకరోజు ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉండగానే యాదగిరన్న విసుగెత్తి, బండిలో ఏం లేదు సార్, ఇచ్చేద్దాం అనేశాడు. సార్ చేతిలోని స్పానరు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టారంటే పక్క దుకాణం కుక్క లేచింది. స్టెల్లా గారు మాత్రం ఆ స్పానరు చప్పుడుకి కాదు, ఆ మాటకే తలదించుకున్నారు.

ఆ తలదించుకోవడం నాకు బాగా తెలుసు. ఇల్లు మొత్తం నవ్వుతుంటే గ్యాస్ దగ్గరికి వెనక్కి నడిచే మనిషి అలాగే తలదించుకుంటుంది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. బండి ఇచ్చేస్తే ఏదో ఒక పొద్దున ఎక్కడో మలుపులో, వెనక ఇద్దరు పిల్లలు, ముందు బస్సు... అక్కడికి వచ్చి నా ఆలోచన ఆగిపోయేది, మళ్ళీ మొదలయ్యేది. ఆగలేక ఆవిడకు ఫోన్ చేశాను. ఇప్పటిదాకా ఎన్నిసార్లు అయిందో అన్నిసార్లూ, ఒక్కోటీ, ఎక్కడ, ఎటు తిప్పుతుంటే, ఏసీ ఉందా, వాన ఉందా అని విసిగించాను. భయస్తులకు వివరాల ఆకలి ఎక్కువ. ఆవిడా భయపడిన మనిషే కాబట్టి అన్నీ గుర్తుపెట్టుకున్నారు. ఫోన్ పెట్టేసేసరికి నాకు ఒకటి అర్థమైంది.

మర్నాడు సార్ దగ్గరికి వెళ్ళి నాకు అనుమానంగా ఉందన్నాను. ఏ వైరు మీద అని ఎప్పటిలాగే అడిగారు. వైరు మీద కాదు సార్, జాగ మీద అన్నాను. దాదాపు ప్రతిసారీ అది స్కూలు గేటు దగ్గరే అయింది. అక్కడ ఎత్తైన స్పీడ్ బ్రేకరు ఉంది, అది దిగగానే కుడికి ఇరుకు మలుపు. మా షెడ్డు నేల చదును. చందానగర్ సందుల్లో ఎగుడుదిగుళ్ళున్నాయి గానీ, కుదుపు మీదే మలుపు ఎక్కడా లేదు. భర్త నడిపింది ఆఫీసు రోడ్డు మీద. సార్ వెంటనే యాదగిరన్నను పిలిచి, పొడుగు వైర్లున్న మీటరు తెమ్మన్నారు.

బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు, కారు బాడీ నుంచి ఒక వైరు తీసి, బోనెట్ అంచులోంచి కిటికీ గుండా లోపలికి లాగి మీటరుకి తగిలించారు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారిని ఎర్త్ అంటారు. ఆ దారి బాగుంటే మీటరులో సున్నా దగ్గరే ఉండాలి. స్టెల్లా గారిని పిలిపించి వెనక సీటులో, పిల్లలు కూర్చునే చోట కూర్చోబెట్టారు. నేను స్టీరింగు దగ్గర. సార్ ఎడమ పక్క సీటులో, ఒళ్ళో మీటరు. పొద్దున స్కూలు వేళ, నిజాంపేట రోడ్డంతా ఆటోలు, పసుపు బస్సులు, సందులోంచి దూరే బైకులు. నా చేతులు తడిసిపోయి స్టీరింగు మీద జారుతున్నాయి. "పోనీ మా" అన్నారు సార్.

మొదటి మూడు చుట్లూ ఏమీ కాలేదు. గేటు, స్పీడ్ బ్రేకరు, కుడి మలుపు, మళ్ళీ వెనక్కి. నాలుగో చుట్టులో ముందు చక్రాలు దిగిన కుదుపు మీదే కుడికి తిప్పాను. స్టీరింగు సగంలో బిగుసుకుపోయింది. దీపం వెలిగింది. ఎదురుగా స్కూలు బస్సు హారన్ కొడుతూనే ఉంది. నేను సీటులోంచి లేచినంత పని చేసి, రెండు చేతులా లాగి, ఎలాగో పక్కకి తెచ్చి ఆపాను. వెనక నుంచి స్టెల్లా గారు, చిన్న గొంతుతో, "ఇదేనండీ" అన్నారు. భయపడాల్సిన మనిషి ఏడుస్తూ నవ్వుతున్నారు. సార్ ఒళ్ళో ఎడమ చేత్తో పట్టుకున్న మీటరు వణుకుతోంది, అందులో అంకె మాత్రం మా అందరికీ కనబడింది. సున్నా దగ్గర ఉండాల్సింది రెండు వోల్టులు దాటి, మెల్లగా దిగుతోంది. ఆ వణుకు బండి కుదుపు వల్లేనని అప్పుడనుకున్నాను.

బ్యాటరీ పళ్ళెం తీసి చూస్తే, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద నున్నగా, కారు రంగుతో సమానంగా రంగు పూసి ఉంది. రంగు కరెంటుని పోనివ్వదు. బోల్టు మరల్లోంచి ఏదో కొంచెం అందుతుంటే బండి నెట్టుకొస్తోంది. కుదుపూ మలుపూ కలిసిన చోట అది చాలడం లేదు. అంతకుముందు ఆసుపత్రి పార్కింగులో ఎవరో ముందు భాగం గీసేస్తే డెంటింగు, పెయింటింగు చేయించారట. పెయింటరు పని శుభ్రంగా చేశాడు, ఆ ఒక్క చోట రంగు గీకకుండా బోల్టు బిగించాడు. రంగుకీ స్టీరింగుకీ సంబంధం ఏముంటుందని స్టెల్లా గారు మాకు చెప్పలేదు. అడగాల్సింది మనమే అన్నారు సార్. యాదగిరన్న వైపు చూడకుండా, నా వైపు కూడా చూడకుండా, తనలో తాను అన్నట్టు అన్నారు. ఉప్పుకాగితంతో రంగు గీకి, కింద లోహం మెరిసేదాకా రుద్ది, నేనే బోల్టు బిగించాను. మళ్ళీ అదే గేటు దగ్గర చాలాసేపు తిరిగాం. ఆ సాయంత్రం స్టెల్లా గారు పిల్లల్ని తీసుకొచ్చి, వాళ్ళ ముందే తాళం తీసుకున్నారు.

ఇది ఇక్కడితో అయిపోతే ఒక బాగుపడిన కారు కథ. నాకు సార్ గురించి చెప్పాల్సింది దీని తర్వాతే ఉంది. రెండేళ్ళు గడిచాయేమో. ఆయన మీటరు వైర్లను తిట్టడం మొదలుపెట్టారు. వాటి చివరి సూదిమొన కనెక్టర్ మీద నిలవడం లేదని, రకం బాగాలేదని కొత్తవి తెప్పించారు. అవీ బాగాలేవని ఇంకో జత. పారేసిన వైర్లు నేను తీసి చూశాను. వాటికేమీ కాలేదు. అప్పటినుంచి నా కళ్ళు ఆ సూదిమొన పట్టే ఆయన ఎడమ చేతి మీదే ఉన్నాయి. ఆయన సాయంత్రం కారు తీసి, కూకట్‌పల్లిలో ట్యూషన్ దగ్గర మనవరాలిని ఎక్కించుకుని ఇంటికి వెళ్ళేవారు. ఆ పాప పేరు తలుచుకుంటేనే నాకు భయం వేసేది. ఆ మాట ఎన్నో రోజులు మింగి, చివరికి ఒక మధ్యాహ్నం, మీ చెయ్యి ఒకసారి చూపించుకోండి సార్ అన్నాను.

"ఏం లేదులే మా" అన్నారు.

షెడ్డులో పనులన్నీ ఆగిపోయాయి. యాదగిరన్న బోనెట్ కింద నుంచి తల బయటికి పెట్టాడు. "ఈ షెడ్డుల ఆ మాట అనొద్దని మీరే చెప్పిన్రు సార్" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. తన చెయ్యి బండి కాదని, నోరు మూసుకుని పని చూసుకోమని కేకలేశారు. నేను కదల్లేదు. అప్పుడే టీ వచ్చింది. నిండు గ్లాసు ఒకటి తీసుకెళ్ళి ఆయన ఎడమ చేతికి అందించాను, బరువు పెట్టి చూడమన్న మనిషికి. ఆయనకు అర్థమైంది. తీసుకోకుండా ఉండొచ్చు, తీసుకున్నారు. గ్లాసు కాసేపు నిలబడింది. తర్వాత వేళ్ళ దగ్గర మొదలైన వణుకు మణికట్టు దాకా పాకి, టీ తొణికి ఆ తెల్ల చొక్కా మీద పడింది. ఆయన చొక్కా వైపు చూడలేదు. మీటరులో అంకెను చూసినట్టు, తన చేతిని అలా చూస్తూ ఉండిపోయారు. గ్లాసు దించి, కుడి చేత్తో జేబులోంచి కారు తాళం తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంటికి నువ్వు నడుపు మా" అన్నారు.

ఆ సాయంత్రం పాప వెనక సీటులో పాటలు పాడుతుంటే, నేను ఏడవకుండా నడపడానికి చాలా కష్టపడ్డాను. దవాఖానలో మొదట చూసిన డాక్టరు ఇది వయసు వల్లే, ఏం లేదు అన్నారట. మీకు కనబడలేదంటే ఒప్పుకుంటానని సార్ ఆయనతో వాదించి, ఇంకో చోటికి వెళ్ళారు. అక్కడ దొరికింది. నరాల జబ్బు, మెల్లగా ముదిరేది, ఆపగలిగేది కాదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ స్టీరింగు పట్టలేదు. షెడ్డు నా చేతికి ఇచ్చాక కూడా, వీలైనన్నాళ్ళు వచ్చి ఎడమ పక్క సీటులో కూర్చునేవారు. మీసానికి రంగు మానేశారు. పోయిన ఏడాది వానాకాలంలో వెళ్ళిపోయారు. నా భయాన్ని ఒక పనిముట్టులా వాడుకోమని చేతికిచ్చిన మనిషి మీద, నేను దాన్నే వాడాల్సి వచ్చింది. దానికి ఆయన నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, మెచ్చుకోనూ లేదు.

నిన్న ఆ నేలమాళిగలో, ఆఫీసు కార్డు నలుపుకుంటున్న అబ్బాయికి చెప్పాను. నీది భ్రమ కాదు, నా చేతికీ తగిలింది, ఎందుకో మాత్రం నాకింకా కనబడలేదు అని. నువ్వు రోజూ వచ్చే దారిలోనే పోదాం, ఎక్కడెక్కడ అయిందో చూపించు అన్నాను. అతని భుజాలు కిందికి దిగడం కనబడింది. తలుపు తీసి ఎడమ పక్క సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నేను ఇంజిను ఆన్ చేసి, అలవాటు కొద్దీ ఎడమ వైపు చూశాను. తననే అడుగుతున్నాననుకుని ఆ అబ్బాయి, "పోనివ్వండి" అన్నాడు.